తిరిగే మోటారు, పలికే అంకె

మన కళాశాల విజ్ఞాన ప్రదర్శనలలో కొన్నేళ్ళుగా ఒక ప్రయోగం తప్పనిసరిగా దర్శనమిస్తున్నది. ఒక చిన్న ఇండక్షన్ మోటారు. దాని ఇరుసుకు బిగించిన, ఒకే ఒక రంధ్రమున్న బిళ్ళ. బిళ్ళకు ఒక వైపున కంటికి కనిపించని పరారుణ కాంతినిచ్చే దీపం, మరొక వైపున ఆ కాంతిని గుర్తించే సెన్సర్. వీటికి తీగలతో కలిపిన మైక్రోకంట్రోలర్ పలక. నిమిషానికి మోటారు ఎన్ని చుట్లు తిరుగుతున్నదో అంకెలలో చూపే తెర. చూడవచ్చిన పెద్దలు తెరమీది అంకెను చూచి సంతోషిస్తారు, విద్యార్థుల భుజం తట్టి ముందుకు సాగుతారు. బహుమతి కూడ తరచుగా ఆ బల్లకే వస్తున్నది.

ఆ అంకెను గురించి నాలుగు మాటలు చెప్పదలచి ఈ వ్యాసం వ్రాస్తున్నాను. తెలుగు పాఠాలు చెప్పుకొనేవానికి మోటారుతో ఏమి పని అని మిత్రులు నవ్వవచ్చు. ప్రదర్శనకు ముందు విద్యార్థుల నివేదికలలోని భాషను సరిచూచే పని నా వంతుకు వస్తున్నది. ఆ నివేదికలు దాదాపు అన్నీ ఒకే అచ్చులో పోసినట్లుంటాయి. మొదటి పుటలలో మైక్రోకంట్రోలర్ గొప్పదనం, చివరి పుటలలో ప్రోగ్రాము, నడుమ బొమ్మలు. ‘ఈ అంకె ఎంతవరకు నమ్మదగినది?’ అనే ప్రశ్న ఏ పుటలోను ఉండదు. వాక్యానికి కర్త, కర్మ, క్రియ అన్నీ ఉండి అర్థం మాత్రం లేకపోతే ఎట్లా ఉంటుందో, ఆ నివేదికలు నాకు అట్లా ఉంటాయి. ప్రదర్శనలో మనం పరీక్షించవలసినది తెరమీది అంకెను కాదనీ, ఆ అంకె ఎక్కడినుండి వచ్చినదో, ఎక్కడ అబద్ధమాడుతుందో విద్యార్థి తెలుగులోనో ఉర్దూలోనో తన సొంత మాటలలో చెప్పగలుగుతున్నాడా అనేదాననీ నా అభిప్రాయం.

ఒక బల్ల దగ్గర తెరమీద 1500 కనిపించినది. మరుక్షణం 1440. మళ్ళీ 1500. నడిమి అంకె ఒక్కటి కూడ లేదు. ఎందుకిట్లా గెంతుతున్నదని అడిగితే ఒకరు “సెన్సర్ మంచిది కాదు సార్” అన్నారు. మరొకరు “కరెంటు హెచ్చుతగ్గులు సార్” అన్నారు. రెండూ కావు. ఆ పరికరం 1440కి, 1500కి నడుమ ఏ అంకెనూ చూపజాలదు. దాని నిర్మాణమే అట్టిది.

దవాఖానాలో నర్సు గడియారం చూస్తూ పదిహేను సెకన్లు నాడిని లెక్కించి, వచ్చిన దానిని నాలుగుతో గుణిస్తుంది. ఆ పద్ధతిలో వచ్చే ఫలితాలు 68, 72, 76 — ఇట్లా నాలుగేసి చొప్పుననే పెరుగుతాయి. 73 అనేది ఎన్నడూ రాదు. రోగి నాడి 73 సార్లు కొట్టుకొనకూడదని కాదు. ఆ లెక్కకు అది అందదు, అంతే. నాడి విషయంలో ఈ మాత్రం తేడా వల్ల వచ్చే నష్టమేమీ లేదు. మోటారు సంగతి వేరు.

మన విద్యార్థుల పరికరం చేసేది కూడ ఇదే. అది ఒక సెకను కాలం తలుపు తెరచి ఉంచి, ఆ వ్యవధిలో బిళ్ళమీది రంధ్రం ఎన్ని మార్లు సెన్సర్ ముందునుండి పోయినదో లెక్కించి, అరవైతో గుణించి తెరకు పంపుతుంది. 24 వస్తే 1440, 25 వస్తే 1500. ఇరవై నాలుగున్నర రంధ్రాలు పోవడమనేది లేదు కాబట్టి నడిమి అంకె లేదు. మోటారు నిజంగా నిమిషానికి 1488 చుట్లు తిరుగుతున్నదనుకొందాం. అనగా సెకనుకు 24.8 చుట్లు. అప్పుడు పరికరం ఎక్కువ మార్లు 1500 అనీ, అప్పుడప్పుడు 1440 అనీ చూపుతుంది. మోటారుపై బరువు పెట్టి దాని వేగాన్ని 1450కి దించితే ఎక్కువ మార్లు 1440 అనీ, అప్పుడప్పుడు 1500 అనీ చూపుతుంది. రెండు స్థితులలోను తెరమీద నడిచే నాటకం ఒకటే, పాత్రలు ఆ రెండే.

ఇది చిన్న విషయమని తోసివేయడానికి వీలులేదు. మన ఊళ్ళలో పిండిగిర్నీలను, లేతు మిషన్లను నడిపే ఇండక్షన్ మోటార్లలో అధికభాగం నాలుగు ధ్రువాలవి. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది. ఈ రెంటినిబట్టి మోటారు లోపలి అయస్కాంత క్షేత్రం నిమిషానికి సరిగా 1500 చుట్లు తిరుగుతుంది. ఇరుసు మాత్రం ఆ వేగాన్ని ఎన్నడూ అందుకొనదు. కొంచెం వెనుకబడి ఉంటుంది. ఆ వెనుకబాటునే స్లిప్ అంటారు. బరువు లేనప్పుడు అది స్వల్పం. పూర్తి బరువు పడ్డప్పుడు సాధారణంగా ఇరుసు 1440 ప్రాంతానికి దిగుతుంది. కనుక ఖాళీగా తిరిగే మోటారుకు, ప్రాణం పెట్టి పనిచేసే మోటారుకు నడుమనున్న తేడా అంతా కలిపి సుమారు 60 చుట్లు. మన విద్యార్థుల పరికరం చూపగల అతి చిన్న తేడా కూడ 60 చుట్లే! తెలుసుకోదగిన సంగతి ఏదైతే ఉన్నదో, సరిగా అదే ఆ పరికరానికి కనిపించకుండ పోతున్నది.

వోల్టేజి పడిపోయి మోటారు కాలిన కథ తెలియని సేద్యగాడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలలో ఉండడు. వోల్టేజి తగ్గితే మోటారు బలం దాని వర్గాన్ని అనుసరించి తగ్గుతుంది. ఇరుసు ఇంకా వెనుకబడుతుంది. తీగచుట్టలలో కరెంటు పెరుగుతుంది, వేడి పెరుగుతుంది. పంపు సంగతి చూస్తే వేగం 4 శాతం తగ్గితే అది నీటిని ఎత్తగల ఎత్తు దాదాపు 8 శాతం తగ్గుతుంది. ఈ అనర్థాలన్నింటికీ మొదటి సూచన ఇరుసు వేగంలోని ఆ కొద్ది తగ్గుదలే. బోరులో మునిగి ఉండే మోటారుకు మనం బిళ్ళ బిగించలేమన్నది నిజం. కాని గిర్నీ మోటారుకు, కాలువ గట్టుమీది పంపుసెట్టుకు బిగించవచ్చు గదా.

మరి ఏమి చేయాలి? ఒక ఉపాయం బిళ్ళలోనే ఉన్నది. ఒక రంధ్రానికి బదులు సమదూరంలో అరవై గంట్లు కోయించితే, సెకనులో వచ్చిన లెక్కయే నిమిషానికి చుట్ల సంఖ్య అవుతుంది. గుణకారం కూడ అవసరం లేదు. తేడా 60 నుండి 1కి దిగుతుంది. అయితే గంట్లు శుభ్రంగా కోయాలి, సెన్సర్ కదలకుండా నిలవాలి. లేకపోతే ఒక గంటునే రెండు మార్లు లెక్కించే ప్రమాదమున్నది.

రెండవ ఉపాయం ఇంకా అందమైనది, పైసా ఖర్చు లేనిది. దానిని గ్రహించడానికి ఇంటి గోడమీది కరెంటు మీటరును చూస్తే చాలు. దానిమీద ఒక ఎర్రని చిన్న దీపం మినుకుమంటూ ఉంటుంది. ఎన్ని మినుకులకు ఒక యూనిట్టు అన్నది మీటరు మీదనే అచ్చువేసి ఉంటుంది. 3200 అని ఉన్న మీటరును తీసుకుందాం. మూడు కిలోవాట్ల మోటారు నడుస్తున్నప్పుడు ఆ దీపం నిమిషానికి 160 మార్లు మినుకుతుంది. గడియారం ముందు పెట్టుకొని నిమిషం సేపు లెక్కిస్తే సరిపోతుంది. మోటారు ఆపి ఇంట్లో ఒక్క 40 వాట్ల ట్యూబులైటు మాత్రం ఉంచండి. అప్పుడు మినుకుకు, మినుకుకు నడుమ 28 సెకన్లు. నిమిషంలో రెండో మూడో వస్తాయి. వాటిని లెక్కించి ఏమి తెలుసుకుంటాము? తెలివిగలవాడు అప్పుడు మినుకులను లెక్కించడు. ఒక మినుకుకు, తరువాతి మినుకుకు నడుమ ఎన్ని సెకన్లు గడిచినవో లెక్కిస్తాడు. మొదటి పద్ధతిలో కాలం నిర్ణీతం, సంఘటనలను లెక్కిస్తాం. రెండవ దానిలో సంఘటన నిర్ణీతం, కాలాన్ని లెక్కిస్తాం. వేగంగా వచ్చేవాటికి మొదటిది, మెల్లగా వచ్చేవాటికి రెండవది మేలు. మోటారు వేగాన్ని కొలిచే శాస్త్రంలో సగం ఈ వివేకమే.

మైక్రోకంట్రోలర్ రెండవ పద్ధతికి ఎంత అనువైనదో చూడండి. ఇంటెల్ సంస్థ 1980లో తెచ్చిన 8051 అనే చిప్పు మీదనే పాఠాలు నేర్చిన తరాలు మన దేశంలో ఉన్నవి. దాని ఉదాహరణనే తీసుకుంటాను. 12 మెగాహెర్ట్జ్ స్ఫటికంతో నడిచే ఆ చిప్పులోని టైమరు మైక్రోసెకనుకు ఒకటి చొప్పున, అనగా సెకనుకు పది లక్షల చొప్పున అంకెలు లెక్కపెడుతుంది. మోటారు 1488 వేగంలో ఒక చుట్టు తిరగడానికి 40,323 మైక్రోసెకన్లు పడుతుంది. 1440 వేగంలో 41,667. మొదటి పద్ధతిలో ఒక్క అంకె తేడా కూడ రాని చోట ఇక్కడ 1,300కు పైగా తేడా వస్తున్నది. అదే మోటారు, అదే ఒంటి రంధ్రపు బిళ్ళ, అదే సెన్సర్, అదే చిప్పు. మారినది మనం వేసిన ప్రశ్న ఒక్కటే.

ఇందులోను ఒక గుంట ఉన్నది. ఆ టైమరు పదహారు బిట్లది. 65,535 వరకు లెక్కించి, ఆ తరువాతి అంకెకు మళ్ళీ సున్నకు వస్తుంది — స్కూటరు కిలోమీటర్ల మీటరు తొమ్మిదులన్నీ నిండి సున్నలకు వచ్చినట్లు. మోటారు వేగం 916 కంటె తగ్గితే ఒక చుట్టుకు పట్టే కాలం ఆ హద్దును దాటిపోతుంది. సున్నకు ఎన్ని మార్లు వచ్చినదో ప్రోగ్రాము గుర్తుంచుకోకపోతే ఏమవుతుంది? 900 వేగంతో తిరిగే మోటారుకు చుట్టుకు 66,667 మైక్రోసెకన్లు. అందులో 65,536 మాయమై 1,131 మాత్రమే మిగులుతుంది. దానితో భాగించి చూస్తే తెరమీద యాభై మూడు వేల చిల్లర వేగం కనిపిస్తుంది. మోటారు నీరసించి ఆగిపోబోతున్న సమయంలో తెర దానిని విమానమంత వేగవంతమని కీర్తిస్తుందన్న మాట. ఆస్థాన కవులకు కూడ ఇంత సాహసం ఉండేది కాదు.

కవుల ప్రసక్తి వచ్చినది గనుక ఒక మాట. టైమరు, కౌంటరు అనేవి రెండు వేరు యంత్రాలని చాలమంది విద్యార్థులు అనుకుంటున్నారు. 8051 చిప్పులో అవి రెండూ ఒకటే. లోపల ఉన్నది లెక్కపెట్టే అర ఒకటి. తన స్ఫటికపు చప్పుళ్ళను లెక్కపెట్టినప్పుడు అది టైమరు; బయటినుండి వచ్చే తాకిళ్ళను లెక్కపెట్టినప్పుడు కౌంటరు. ఉర్దూ విద్యార్థులకు చెప్పాలంటే రెండు చోట్లా జరిగేది గిన్తీయే. ఒకచోట వక్త్‌ను గిన్తీ చేస్తున్నది, మరొకచోట చుట్లను. అటువంటి అరలు 8051లో రెండున్నవి. ఒకటి 50,000 మైక్రోసెకన్ల చొప్పున ఇరవై మార్లు లెక్కించి సెకనును ఏర్పరిస్తే, రెండవది ఆ సెకనులో వచ్చిన రంధ్రాలను లెక్కిస్తుంది. ఈ పనులు సాగుతుండగా ప్రధాన ప్రోగ్రాము తెరమీద అంకెలు వ్రాయడం వంటి ఇతర పనులు చూచుకుంటుంది.

ఇది మన ప్రాంతానికి కొత్త విద్య కాదు. గద్వాలకు ‘విద్వద్గద్వాల’ అని పేరు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలకు తిరుపతి వేంకట కవులు వచ్చిన సంగతి సాహిత్య విద్యార్థులకు తెలిసినదే. అష్టావధానంలో ఘంటాగణనమని ఒక అంశమున్నది. అవధాని ఒకవైపు సమస్య పూరిస్తూ, మరొకవైపు నిషిద్ధాక్షరిని ఎదుర్కొంటూ ఉండగా, ఒక పృచ్ఛకుడు తనకు తోచినప్పుడెల్ల గంట కొడుతుంటాడు. సభాంతంలో అవధాని ఎన్ని గంటలు మోగినవో సరిగా చెప్పాలి. పద్యధార ఆగకూడదు, గంటల లెక్క తప్పకూడదు. చిప్పులోని కౌంటరు చేసేది అచ్చముగా ఈ ఘంటాగణనమే. ఇక ప్రధాన ప్రోగ్రామును నడుమ ఆపి తన మాట వినిపించుకొనే ఇంటరప్టుకు పోలిక కావాలంటే అప్రస్తుత ప్రసంగి ఉండనే ఉన్నాడు! అవధాని అతనికి చమత్కారంగా సమాధానం చెప్పి, పద్యాన్ని విడిచిన పాదం దగ్గరనుండే అందుకుంటాడు. ఈ పోలిక చెప్పిన తరువాత తెలుగు తరగతి పిల్లలు ఇంటరప్టు అనే మాటకు భయపడడం మానివేసినారు. వారికి సర్క్యూటు విప్పి చెప్పినది మా భౌతికశాస్త్ర శాఖవారే. నేను గంట మాత్రం కొట్టినాను.

ఈ రెండు పద్ధతుల తారతమ్యం ప్రదర్శన బల్లకు పరిమితమైనది కాదు. గద్వాలకు చేరువలో కృష్ణానదిపై ప్రియదర్శిని జూరాల జలవిద్యుత్ కేంద్రంలో 39 మెగావాట్ల యూనిట్లు ఆరున్నవి. అటువంటి కేంద్రాలలో టర్బైను వేగాన్ని అనుక్షణం కొలిచి నీటిని హెచ్చించడమో తగ్గించడమో చేసే వ్యవస్థ ఉంటుంది; వేగం హద్దు మీరితే యంత్రాన్ని ఆపివేసే రక్షణ ఉంటుంది. దేశమంతటి కరెంటు 49.90కి, 50.05కి నడుమ ఉండాలని నియమం. ఒక సెకను తలుపు తెరచి ఆవృత్తులను లెక్కపెట్టేవానికి 49, 50, 51 తప్ప మరేమీ కనిపించవు. ఆ నియమం పాటింపబడినదో లేదో అతడు ఆ ఒక్క సెకనులో చెప్పజాలడు. ఒక ఆవృత్తి కాలాన్ని కొలిచేవానికి అదే హద్దు 19,980 నుండి 20,040 మైక్రోసెకన్ల వరకు, అరవై మెట్ల నిచ్చెనలాగా స్పష్టంగా కనిపిస్తుంది. మన విద్యార్థి తన బల్లమీద ఈ భేదాన్ని గ్రహించినాడంటే జూరాల నియంత్రణ గదిలో కూర్చునే ఇంజనీరు ఆలోచనలో మొదటి మెట్టు ఎక్కినట్లే.

అంకెను పరీక్షించాలంటే మరొక సాక్షి కావాలి. దానికీ ఖరీదైన సామగ్రి అక్కరలేదు. పాతకాలపు చోకుతో వెలిగే ట్యూబులైటు సెకనుకు 100 మార్లు వెలిగి మసకబారుతుంది, కంటికి తెలియదు. తెల్ల అట్టబిళ్ళపై సమదూరంలో నాలుగు నల్లని పట్టెలు గీసి మోటారు ఇరుసుకు అంటించి, గది చీకటి చేసి, ఆ ఒక్క ట్యూబులైటు కింద చూడండి. మోటారు సరిగా 1500 తిరిగితే సెకనుకు 25 చుట్లు, అనగా 100 పట్టెలు. వెలుగుకు, పట్టెకు లంకె కుదిరి పట్టెలు నిలిచిపోయినట్లు కనిపిస్తాయి. మోటారు వెనుకబడితే పట్టెల బొమ్మ మెల్లగా వెనుకకు తిరుగుతుంది. అది సెకనుకు ఒక చుట్టు వెనుకకు పోతే మోటారు వేగం 1440. నాలుగు సెకన్లకు ఒక చుట్టు పోతే 1485. చేతిగడియారం చాలు! సెకనుకు ఒక రంధ్రపు లెక్కతో గెంతులు వేసే తెరకంటె అట్టముక్కయే నిజం చెబుతుంది. ఒక హెచ్చరిక: ఆ వెలుగులో తిరిగే ఇరుసు నిలిచి ఉన్నట్లు భ్రమ కలుగుతుంది. చేయి పెట్టరాదు. దుపట్టా, కండువా, పొడవు చేతుల చొక్కా దగ్గరకు రానీయరాదు. పెద్దవారు ప్రక్కన లేకుండా ఈ ప్రయోగానికి పూనుకొనరాదు.

చుట్లు లెక్కపెట్టే నేర్పు జీవితాలనే మార్చిన ఉదాహరణ మన తెలుగు నేలమీదనే ఉన్నది. పోచంపల్లి చీరకు అద్దకానికి ముందు ఆసు పోయాలి. దారాన్ని చేతితో మేకుల చుట్టూ త్రిప్పాలి. ఒక చీరకు చేయి సుమారు 9,000 మార్లు ఆడాలి. ఆలేరు ప్రాంతపు శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి భుజాల నొప్పిని చూడలేక, ఏండ్ల తరబడి శ్రమించి 1999లో ఆ పని చేసే యంత్రాన్ని పూర్తి చేసినారు. దానికి తల్లి పేరు పెట్టినారు. తరువాతి కాలంలో ఆ యంత్రానికి మైక్రోకంట్రోలర్ తోడైనది. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించినది. చిన్నతనంలోనే బడి మానిన ఆ నేతపనివారికి దారం ఎక్కడ ఎన్ని మార్లు తిరగాలో, ఎక్కడ ఆగాలో తెలుసు. మోటారూ చిప్పూ ఆ తెలివికి తరువాత వచ్చి చేరిన పనిముట్లు. మనవారి నివేదికలలో ఈ వరుస తలక్రిందులైనది. పనిముట్టు ముందుగా వచ్చినది, ప్రశ్న ఇంకా రాలేదు.

సొంత భాషలో చెప్పించాలన్న నా మాటకు అభ్యంతరాలున్నవి. ఉద్యోగాల ఇంటర్వ్యూలు ఇంగ్లీషులో జరుగుతాయి గదా, తెలుగులో, ఉర్దూలో చెప్పించి పిల్లలను వెనుకకు లాగడమెందుకని కొందరు సహోపాధ్యాయుల వాదన. వారి ఆందోళన సదుద్దేశంతో కూడినదే. అయితే మన ప్రాంత చరిత్రను ఒకసారి గుర్తుచేసుకోవాలి. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం తొలినుండి 1948 వరకు ఉర్దూలోనే బోధించినది. వైద్యం, ఇంజనీరింగు కూడ ఆ భాషలో చెప్పినారు. గ్రంథాల కోసం దారుల్ తర్జుమా పేర అనువాద సంస్థ నడిచినది. 1968లో తెలుగు అకాడమి ఏర్పడినది. మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం నేడు పాలిటెక్నిక్ విద్యను ఉర్దూలో అందిస్తున్నది. 2021లో సాంకేతిక విద్యా మండలి ఇంజనీరింగును తెలుగులో చెప్పడానికి అనుమతించినది. కనుక ఇది గాలిలో మేడ కాదు.

నేను మాత్రం అంతదూరం పోవడం లేదు. టైమరును కాలగణన యంత్రమని, కౌంటరును సంఖ్యాగణన యంత్రమని పిలవమని ఎవరినీ బలవంతపెట్టను. పారిభాషిక పదాలు గట్టిపడిన కొద్దీ పిల్లలు పుస్తకానికి దూరమవుతారు. తెలుగు వాడినైన నేనే ఈ మాట అంటున్నాను. టైమరు టైమరుగానే, సెన్సర్ సెన్సర్‌గానే ఉండనీయండి. ‘ఎందుకు’, ‘ఎప్పుడు’, ‘ఎంతవరకు’ అనే మూడు మాటలు మాత్రం వారివి కావాలి. ఇంగ్లీషులో బట్టీపట్టిన వాక్యం వెనుక అజ్ఞానం హాయిగా దాక్కుంటుంది. అమ్మతో మాట్లాడే భాషలో దానికి దాగుచోటు దొరకదు. మన పిల్లలలో ఎందరో ఎలక్ట్రీషియన్లుగా హైదరాబాదుకు, గల్ఫు దేశాలకు పోతున్నారు. అక్కడ తీగలు కలిపేవానికి ఒక జీతం, తెరమీది అంకె తప్పని పట్టుకొనేవానికి మరొక జీతం. రెండవవాడు తాను పట్టుకొన్న తప్పును ఇంగ్లీషులో చెప్పడం నాలుగు నెలలలో నేర్చుకుంటాడు. పట్టుకోలేనివానికి ఏ భాష వచ్చినా లాభమేమి?

నగరంలో సిద్ధంగా దొరికే ప్రాజెక్టు కిట్టును కొని తెచ్చుకొనడం నేరమని కూడ నేననను. కోఠి గుజరాతీ గల్లీకి పోయి విడిభాగాలు ఏరుకొని వచ్చే వెసులుబాటు, ముఖ్యంగా ఆడపిల్లలకు, అందరికీ ఉండదు. కొన్నది కొన్నట్లు చెప్పి, దానిని విప్పి, అది ఎక్కడ చెడుతుందో చూపించిన విద్యార్థినికి, మొదటినుండి తానే అతికించి ఏమీ చెప్పలేని విద్యార్థికంటె ఎక్కువ మార్కులు వేయాలి.

కళాశాల కమిటీవారికి నా విన్నపం. ప్రదర్శనకు కేటాయించే సొమ్ములోనుండి చేతిలో ఇమిడే టాకోమీటరు ఒకటి కొనండి. పిల్లల పరికరానికి ప్రక్కన నిలబడే సాక్షిగా అది పనికివస్తుంది. అరవై గంట్ల బిళ్ళను పట్టణంలోని ఏ లేతు మిస్త్రీ అయినా కోసి ఇస్తాడు. ప్రతి ప్రాజెక్టుకు పది నిమిషాల మౌఖిక పరీక్ష తెలుగులో గాని ఉర్దూలో గాని పెట్టండి. సర్క్యూటు గీయమనకండి, ‘మోటారు మెల్లగా తిరిగితే నీ అంకె ఏమవుతుంది?’ అని అడగండి. నివేదికలో ఒక పుటను, కొలత ఎంతవరకు చెల్లుతుందో వ్రాయడానికి తప్పనిసరి చేయండి. భాష తప్పులుంటే నేను దిద్దుతాను. వచ్చే ఏడు పిల్లలను ఒక పిండిగిర్నీకి తీసుకొనిపోయి, ధాన్యం పోయకముందు ఒకసారి, పోసిన తరువాత ఒకసారి, సాయంత్రం వోల్టేజి తగ్గినప్పుడు మరొకసారి మోటారు వేగాన్ని రెండు పద్ధతులలోను కొలిపించాలని మా ఆలోచన; గిర్నీ యజమానుల అనుమతి ముందుగా తీసుకోవాలి.

కళాశాలలో పాత ట్యూబులైట్లన్నీ తీసివేసి ఎల్ఈడీ దీపాలు పెట్టిస్తున్నారని విన్నాను. కరెంటు ఆదా అవుతుంది, సంతోషం. భౌతికశాస్త్ర ప్రయోగశాల మూలన ఉన్న పాత చోకు ట్యూబులైటును మాత్రం దయచేసి ఉంచవలసినది.